కంబుజ దేశంలో ఒక తోలుబొమ్మ

రాళ్ళు మాట్లాడుతాయని మన కవులు తరచుగా అంటూ ఉంటారు. రేడియోలో పనిచేసేవాడికి ఆ మాట మీద కొంచెం అనుమానం ఉండడం సహజం. మనుష్యుల మాటలు, పాటలు పట్టి దాచడమే ఇరవై ఏళ్ళుగా నా వృత్తి. రాయి మాట్లాడగా నేను ఎన్నడూ వినలేదు. 2024 జనవరిలో సెలవు పెట్టి కంబోడియా దేశం వెళ్ళినాను. అక్కడి ప్రాచీన దేవాలయాలు చూచి, ఒక పూట తోలుబొమ్మ చెక్కే పని కూడా చేతనయినంత నేర్చుకొని వచ్చినాను. వచ్చిన తరువాత నా అనుమానం తీరలేదు సరిగదా, మరింత గట్టిపడినది. ఆ సంగతే ఈ ప్రసంగంలో మీకు మనవి చేస్తాను.

హైదరాబాదులో విమానమెక్కి, బ్యాంకాక్ మీదుగా సియెమ్ రీప్ చేరినాను. 2023 అక్టోబరులో తెరిచిన కొత్త విమానాశ్రయం పట్టణానికి చాలా ఎడంగా, సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. దారి పొడుగునా వరిచేలు, గట్ల మీద తాటిచెట్లు, గుంజల మీద నిలబెట్టిన కొయ్య ఇళ్ళు, ఆ ఇళ్ళ క్రింది నీడలో పశువులు, ఉయ్యాలలో పసిపిల్లలు. తాటిచెట్టు వారికి జాతీయ వృక్షం. కల్లు గీస్తారు, బెల్లం వండుతారు, ఆకులతో కప్పులు వేస్తారు. కారు అద్దంలోనుండి చూస్తూ ఉంటే గోదావరి జిల్లాలలో ఏదో మారుమూల గ్రామానికి పోతున్నట్లే తోచినది. దుకాణాల మీది అక్షరాలు మాత్రం ఆ భ్రమను పోగొట్టినవి. ఖ్మేర్ లిపి పల్లవుల కాలపు దక్షిణ భారత లిపినుండి పుట్టినది. అంటే మన తెలుగు లిపికి అది జ్ఞాతి వంటిది. అయినా ఒక్క అక్షరమూ చదువలేకపోయినాను. జ్ఞాతుల మధ్య మాటలు లేకపోవడం మనకు కొత్త కాదు గదా!

"అంగ్‌కోర్" అనే మాట "నగర" శబ్దంనుండి వచ్చినది. "వాట్" అనగా ఆలయం. క్రీ. శ. 802లో రెండవ జయవర్మ మహేంద్రపర్వతం మీద తన్ను తాను చక్రవర్తిగా ప్రకటించుకొన్నాడని చరిత్రకారులు చెప్పుతారు. అప్పటినుండి పదిహేనవ శతాబ్దం వరకు ఈ ప్రాంతం ఖ్మేర్ చక్రవర్తులకు రాజధానిగా ఉన్నది. ఇంద్రవర్మ, యశోవర్మ, రాజేంద్రవర్మ, సూర్యవర్మ - ఈ పేర్లు విని, మనవాళ్ళే ఓడలెక్కి వెళ్ళి అవన్నీ కట్టించి వచ్చినారని గర్వంగా చెప్పుకొనడం కొందరికి అలవాటు. అది సరికాదు. దేవతలు, కథలు, సంస్కృత భాష, లిపి మన సముద్రతీరాలనుండి వెళ్ళినవి, నిజమే. ఆ చెరువులు త్రవ్వినవారు, ఆ రాళ్ళు మోసినవారు, చెక్కినవారు ఖ్మేరులు. మన రాముడు అక్కడ "ప్రెయ రీమ్" అయినాడు, వారి రామాయణం "రీమ్‌కెర్" అయినది. ఆ కథలో హనుమంతుడు సేతువు కట్టే సమయంలో రావణుని కూతురైన ఒక మత్స్యకన్యను ప్రేమిస్తాడు! ఈ సంగతి మా అమ్మగారికి చెప్పినప్పుడు ఆమె చాలాసేపు నాతో మాట్లాడలేదు.

అంగ్‌కోర్ వాట్‌ను పన్నెండవ శతాబ్దపు పూర్వార్ధంలో రెండవ సూర్యవర్మ విష్ణువు కొరకు కట్టించినాడు. తూర్పుకు గాక పడమటికి ముఖం పెట్టిన ఆలయం అది. చుట్టూ ఉన్న అగడ్త వెడల్పు సుమారు 190 మీటర్లు. చిన్న ఏరు వంటిదే. నడిమి గోపురం ఎత్తు సుమారు 65 మీటర్లు. ఇసుకరాతిని కులెన్ కొండలనుండి తెచ్చినారు. సూర్యోదయం చూడడానికి తెల్లవారుజామున నాలుగు గంటలకే జనం కొలను గట్టున చేరుతారు. నేనూ చేరినాను. నాకు సూర్యుని కంటె ముందున్న వారు ఎత్తిపట్టిన ఫోనులే ఎక్కువగా కనబడినవి. అందువల్ల మధ్యాహ్నం మూడు గంటలకు మళ్ళీ వెళ్ళినాను. ఎవరైనా వెళ్ళదలచినవారు ఉంటే ఇదే సలహా చెప్పుతాను. పడమటి ఎండ స్తంభాల మధ్యగా లోపలికి వచ్చి గోడల మీద వాలే వేళ అది. ఆ వేళకు జనమూ పలుచబడుతుంది.

ఆ పడమటి మంటపపు గోడ మీద, ద్వారానికి దక్షిణాన కురుక్షేత్రం, ఉత్తరాన లంకా యుద్ధం చెక్కినారు. లంకా యుద్ధం పొడవు సుమారు 50 మీటర్లు. లోతు మాత్రం వ్రేలి మందం కూడా ఉండదు. ఆ కొద్ది లోతులోనే ఒకరి వెనుక ఒకరుగా, ఒకరి మీద ఒకరుగా, వానరులు, రాక్షసులు పెనగులాడుతూ ఉన్నారు. కరుస్తున్నారు, రక్కుతున్నారు, బండలు విసురుతున్నారు. ఇద్దరు మనుష్యుల మధ్య ఇంత ఖాళీ ఉంటే అక్కడొక తోక, ఒక బాణం, ఒక విరిగిన గొడుగు. రాముడు హనుమంతుని భుజాల మీద నిలబడి విల్లు ఎక్కుపెట్టినాడు. వెనుక లక్ష్మణుడు, విభీషణుడు. ఎదుట పది తలలతో, ఇరవై చేతులతో రథం మీద రావణుడు.

మన పండితులు దీనిని గురించి వ్రాసినవి చదివే వెళ్ళినాను గనుక ఏ బొమ్మ ఎవరిదో గుర్తుపట్టడం కష్టం కాలేదు. నేను ఎదురుచూడనిది మరొకటి. అక్కడ ఒక గంటసేపు నిలబడినాను. చెవి అలవాటు చేత కాబోలు, ఏదో లోపించినట్లు తోచినది. అంత యుద్ధంలో చప్పుడు లేదు. నోళ్ళు తెరుచుకొని ఉన్నవి. శంఖాలున్నవి, భేరులున్నవి. ఎనిమిది వందల యాభై సంవత్సరాలకు పైగా ఆ నోళ్ళు అట్లాగే తెరుచుకొని ఉన్నవి.

తక్కిన ఆలయాల సంగతి త్వరగా చెప్పుతాను. ఇంచుమించు అందరూ చూచేవి, అందరూ వ్రాసేవి అవే గనుక. బయోన్ ఆలయపు ముఖాలు నవ్వుతున్నవో, మనలను చూచి జాలిపడుతున్నవో నాకు తెలియలేదు. బంటియాయ్ స్రీ చిన్నది. 967లో ప్రతిష్ఠ జరిగినది. గులాబి రంగు రాతిలో కంసాలి పని వంటి పని. రావణుడు కైలాసాన్ని కదిలించే చెక్కడం, వాలి సుగ్రీవుల యుద్ధం అక్కడ తప్పక చూడవలసినవి. తా ప్రోమ్ ఆలయాన్ని ఏడవ జయవర్మ 1186లో తన తల్లి పేర ప్రతిష్ఠించినాడు. మహావృక్షాల వేళ్ళు గోడలను కౌగిలించుకొని ఉన్న ఛాయాచిత్రాలు మీరు చూచే ఉంటారు, అవి అక్కడివే. చెట్టు తీస్తే గోడ పడుతుంది, చెట్టు ఉంచితే గోడ చీలుతుంది. ఈ చిక్కును విప్పే పనిలో మన భారత పురావస్తు శాఖవారు కంబోడియా ప్రభుత్వంతో కలిసి చాలా సంవత్సరాలు కృషి చేసినారు.

ఆ తా ప్రోమ్ శాసనంలో లెక్కలు విస్తారంగా ఉన్నవి. ఆలయంలో ఎంతమంది అర్చకులు, ఎంతమంది ఉద్యోగులు, ఎన్ని మణుగుల బియ్యం, ఎన్ని ముత్యాలు అన్నీ వ్రాసినారు. నర్తకులు 615 మంది అని కూడా ఉన్నది. ఆ 615 మంది ఏ పాటకు ఆడినారో శాసనం చెప్పదు. చెప్పజాలదు కూడా.

ఇక తోలుబొమ్మ సంగతి.

కంబోడియాలో తోలుబొమ్మలాట రెండు విధాలు. "స్బెక్" అనగా తోలు. "స్బెక్ తూచ్" చిన్న బొమ్మల ఆట. అందులో చేతులు కదులుతాయి, హాస్యం పాలు ఎక్కువ. "స్బెక్ థోమ్" పెద్ద తోలు. ఇందులో బొమ్మకు కీళ్ళు ఉండవు. ఆవు తోలు పలక ఒక్కొక్కటి మనిషంత ఎత్తు, కొన్ని ఇంకా పెద్దవి. ఆ పలకలోనే రాముడు, ఆయన రథం, చుట్టూ తీగలు, మంటలు అన్నీ ఒక దృశ్యంగా తొలుస్తారు. క్రింద రెండు వెదురు కర్రలు. ఆటగాడు వాటిని రెండు చేతులతో తలపైకి ఎత్తిపట్టి, తెరకు వెనుకా ముందూ తానే నాట్యం చేస్తాడు. బొమ్మ కదలదు, మనిషి కదులుతాడు. మన ఆటలో మేక తోలు పలుచగా గీకి, ఎరుపు, పచ్చ రంగులు వేసి, భుజాలు, మోచేతులు విడివిడిగా కట్టి ఆడిస్తారు గదా! వారి బొమ్మ దాదాపు నలుపు. కందావోల్ అనే చెట్టు పట్టతో రంగు పట్టిస్తారు. తొలిచిన చోట మాత్రమే వెలుగు.

పూర్వం ఈ ఆట దేవతల కొరకు, నూతన సంవత్సరానికి, రాజు పుట్టిననాటికి, ఏడాదిలో మూడు నాలుగు మారులు మాత్రమే ఆడేవారు. పూర్తి కథకు 160 బొమ్మల వరకు కావలెనట. 2005లో యునెస్కో ఈ కళను మానవజాతి వారసత్వంగా ప్రకటించినది.

నేను వెళ్ళిన పనిశాల పట్టణం వెలుపల, రేకుల పంచ. లోపల నేల మీద చాపలు, ఏడెనిమిది మంది కుర్రవాళ్ళు, మధ్యలో డెబ్బయి దాటిన ఒక వృద్ధుడు. నాకు దుబాసిగా వచ్చిన యువకుడు ఆయనను "లోక్ తా" అని పిలిచినాడు. "తా" అంటే తాత. మరొక దుబాసి అక్కరలేకుండా నాకు అర్థమైన మొదటి ఖ్మేర్ మాట అదే. పని మొదలుపెట్టే ముందు కుర్రవాళ్ళంతా గోడవైపు తిరిగి చేతులు జోడించినారు. గోడ మీద ఒక ముని బొమ్మ, ముందు అగరువత్తులు. ఏమిటని అడిగితే "క్రు" అన్నారు. గురువు. పనికి దిగేముందు పనిముట్టుకు, పెద్దకు దండం పెట్టడం మన కమ్మరి కొలిమిలోనూ చూచినదే గనుక నేనూ చేతులు జోడించినాను. తాత ఓరకంట చూచి ఏమీ అనలేదు. కాని తరువాత నాకు ఇచ్చిన సుత్తి మిగతా యాత్రికులకు ఇచ్చేది కాదని, ఆయన సొంత సుత్తి అని దుబాసి చెప్పినాడు.

జానెడు పొడవు తోలు ముక్క ఇచ్చినారు. ఎండి, గట్టిపడి, అట్టవలె ఉన్నది. పచ్చి తోలు నానబెట్టి, గీకి, చట్రానికి బిగించి ఎండలో ఆరబెడితే ఆ గట్టితనం వస్తుంది. దాని మీద అప్పటికే ఒక వానరుని బొమ్మ గీసి ఉన్నది. క్రింద కొయ్య దిమ్మ. చేతికి వరుసగా ఉలులు. ఒకదాని మొన గుండ్రం, ఒకటి నెలవంక, ఒకటి వడ్లగింజ, ఒకటి తిన్నని గీటు. పని చూడడానికి సులభం. ఉలి నిలువుగా పట్టి ఒక్క దెబ్బ. అంతే. ముక్క ఊడివస్తుంది.

నా ఉలి నిలువుగా నిలువలేదు. మొదటి దెబ్బకు తోలు తెగలేదు. రెండవ దెబ్బకు ఉలి జారినది. తాత నా చేతిని చూడలేదు, చప్పుడు విన్నాడు. తన పని మీదనుండి తల ఎత్తకుండానే ఏదో అన్నాడు. "రెండుమార్లు కొట్టకండి, చప్పుడు తప్పు అంటున్నాడు" అని దుబాసి. చెవితో పనిచేసేవాడిని నేను. అయినా ఆ తేడా నాకు తెలియలేదు. పది నిమిషాలు ఊరక కూర్చుని కుర్రవాళ్ళ సుత్తి దెబ్బలు విన్నాను. సరిగా తెగిన దెబ్బ చప్పుడు పొడిగా, పొట్టిగా ఉంటుంది. తెగని దెబ్బ కొంచెం లోతుగా మ్రోగుతుంది, ఎందుకంటే తోలు కూడా దిమ్మతోపాటు అదురుతుంది. ఆ తరువాత నా దెబ్బలు కొంత కుదురుకొన్నవి.

మరొక సంగతి తెలియడానికి ఇంకా ఎక్కువసేపు పట్టినది. మనం కాగితం మీద నగ గీస్తే నగనే గీస్తాము. ఇక్కడ నగ ఉండే చోట తోలు ఉండదు. కిరీటంలోని రాళ్ళు, భుజకీర్తులు, బట్ట మీది పువ్వులు అన్నీ రంధ్రాలే. వెలుగు వచ్చినప్పుడు అవే మెరుస్తాయి. కాబట్టి చెక్కేవాడు తీసివేసేదాని మీద ఎంత దృష్టి పెట్టాలో, మిగిల్చేదాని మీద అంతకంటె ఎక్కువ పెట్టాలి. రెండు రంధ్రాల మధ్య గడ్డిపోచంత తోలు మిగలాలి. అది తెగితే రెండు పువ్వులూ కలిసి ఒక గొయ్యి అవుతుంది. ఒకసారి తెగినది మళ్ళీ అతకదు. మా స్టూడియోలో తప్పు చదివితే మళ్ళీ చదువుతాము, కోసి అతికిస్తాము. ఆ వసతి అక్కడ లేదు.

రెండున్నర గంటలకు నా వానరుడు తయారైనాడు. నడుముపట్టీలో నాలుగు పువ్వులు కలిసిపోయి పెద్ద చిల్లు పడినది. తోక చివర విరిగి వ్రేలాడుతున్నది. తాత దానిని దీపానికి అడ్డుగా పట్టి గోడ మీద నీడ చూపినాడు. కుర్రవాళ్ళు నవ్వినారు. తాత నవ్వలేదు. ఉలి తీసుకొని, నేను వదిలివేసిన కంటి దగ్గర ఒక్క నెలవంక దెబ్బ కొట్టినాడు. నీడకు చూపు వచ్చినది.

తరువాత టీ త్రాగుతూ ఆయనను అడిగినాను, ఈ బొమ్మల నమూనాలు ఎక్కడివి అని. ఆ ప్రశ్న అడగకుండా ఉండవలసినదేమో. 1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ సేనలు ఫ్నోమ్ పెన్ నగరంలో ప్రవేశించినవి. పట్టణాలు ఖాళీ చేయించి అందరినీ పొలాలకు తోలినారు. 1979 జనవరి 7న ఆ పాలన కూలేలోగా పదిహేను నుండి ఇరవై లక్షల మంది చంపబడినారని, లేక ఆకలితో, రోగాలతో పోయినారని అంచనా. చదువుకొన్నవారు, కళాకారులు, భిక్షువులు మరీ ఎక్కువగా బలి అయినారు. పెద్ద తోలుబొమ్మలు అనేకం నాశనమైనవి. ఆ తరువాత బ్రతికి మిగిలిన కొద్దిమంది కూడి ఈ ఆటను మళ్ళీ నిలబెట్టినారు.

తాత అప్పటికి ఇరవై ఏళ్ళవాడట. గురువు పోయినాడు, బొమ్మలు పోయినవి. "మళ్ళీ మొదలుపెట్టినప్పుడు కిరీటం ఎట్లా ఉండాలో, విల్లు ఎట్లా పట్టాలో మరచిపోతే, గుడికి పోయి గోడ చూచి వచ్చేవాళ్ళము. గోడ మీద అన్నీ ఉన్నవి" అన్నాడు. కొంచెంసేపు ఆగి మరొక మాట అన్నాడు. దుబాసి దానిని చెప్పడానికి తడుముకొన్నాడు. "పాట మాత్రం గోడ మీద లేదు" అని. గురువుకు వచ్చినదానిలో తనకు ఎంత వచ్చునని అడిగితే, అరచేయి చాపి, రెండు వ్రేళ్ళు ముడిచి చూపినాడు.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పక తప్పదు. 2012లో రాయలసీమలో ఒక పల్లెకు తోలుబొమ్మలాట ధ్వనిముద్రణకు వెళ్ళినాను. ఆ కుటుంబాలవారు ఇంటిలో మరాఠీని పోలిన ఆరె భాష మాట్లాడుతారు, తెర దగ్గర మాత్రం రంగనాథ రామాయణపు ద్విపదలు గంగాప్రవాహంవలె పాడుతారు. ఆ మేళం పెద్దకు అప్పటికి డెబ్బయి అయిదు దాటినవి. నాకు కావలసినది పదిహేను నిమిషాల కార్యక్రమం. కేతిగాడు, బంగారక్క మాటలు కొంచెం, యుద్ధం కొంచెం పట్టుకొని యంత్రం కట్టివేసినాను. ఆయన బొమ్మల గంప మూత పెట్టకుండా అట్లాగే కూర్చుని, "సామీ, కుంభకర్ణుని లేపేదానికాడ్నుంచి పడేదాకా ఒక రాత్రి పాట ఉండాది. మా నాయన చెప్పినట్టే చెప్తా. పట్టుకోండి సామీ" అన్నాడు. "సంక్రాంతి పోనీ తాతా, తీరికగా వస్తాము" అన్నాను. ఆ సంక్రాంతి పోయినది. తరువాత మరి రెండు సంక్రాంతులు పోయినవి. బదిలీ అయినది, వాహనం దొరకలేదు, ఇంకేదో పని వచ్చినది. అవన్నీ నిజమే. కాని నేను గట్టిగా అడిగి ఉంటే దొరికేది. 2015లో ఆయన పోయినాడని ఒక కార్డు ముక్క వచ్చినది.

పాట గోడ మీద లేదని ఆ కంబుజ దేశపు తాత అన్నప్పుడు నాకు ఆ గంప జ్ఞాపకం వచ్చినది. టీ చల్లారిపోయినది.

ఆ రాత్రి ఒక విహారపు ఆవరణలో ఆట చూచినాను. రెండు వెదురు గడల మధ్య పొడవైన తెల్లని తెర, వెనుక మంట. ఇప్పుడు చాలా చోట్ల విద్యుద్దీపాలే పెడుతున్నారట. ఆనాడు మాత్రం మంటే పెట్టినారు. అందుచేత నీడలు ఊపిరి తీసినట్లు కదిలినవి. వాద్యబృందాన్ని "పిన్‌పియాత్" అంటారు. కొయ్య పలకల వాద్యం, వలయంగా అమర్చిన కంచు గంటలు, సన్నాయి వంటి "స్రలాయ్", పెద్ద డోళ్ళు. ఇద్దరు కథకులు ఒకరి మాట ఒకరు అందుకొంటూ చెప్పినారు. ఇంద్రజిత్తు నాగపాశం ప్రయోగించినాడు, వానర సేన పడిపోయినది, గరుత్మంతుడు వచ్చినాడు. భాష తెలియదు, అయినా ఎక్కడ ఏమి జరిగినదో నాకు తప్పలేదు. మా తాత తెర ప్రక్క నేల మీద కూర్చుని ఉన్నాడు. ఒకచోట కథకుడైన కుర్రవాడు ఆగినాడు. డోలు రెండు ఆవృత్తాలు ఎక్కువ మ్రోగినది. తాత కూర్చున్న చోటనుండే మెల్లగా ఒక మాట అందించినాడు. ఆట సాగినది. మధ్యాహ్నం మూడు గంటలవేళ గోడ మీద తెరుచుకొని చూచిన నోళ్ళకు చప్పుడు వచ్చినది.

తిరిగి వచ్చిన తరువాత మార్చి నెలలో రాయలసీమ పల్లెకు వెళ్ళినాను. ఊరిలో ఆట ఆగి చాలాకాలమైనది. ఆ ప్రాంతంలో ఈ విద్యకు గౌరవం లేదనడానికి వీలులేదు. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చినది గదా! కాని బ్రతుకు తెరువుగా మిగిలినది మాత్రం తోలు మీద బొమ్మలు వేసి దీపాలకు మరుగులు, గోడకు అలంకారాలు చేసి అమ్మడం. మేళం పెద్ద మనుమడు కూడా అదే చేస్తున్నాడు. ముప్పయి ఏళ్ళుంటాయి. నేను తెచ్చిన వానరుని చూపినాను. చూచి, తిప్పి, నడుముపట్టీలోని చిల్లు దగ్గర ఆగి, "ఉలి వంగినాది సామీ" అన్నాడు. తోలు భాషకు దుబాసి అక్కరలేదు.

కుంభకర్ణుని పాట అడిగినాను. తనకు అంతా రాదన్నాడు. వచ్చినంత పాడమన్నాను. తాళాలు తీసుకొని మొదలుపెట్టినాడు. లేపడం వచ్చినది, ఏనుగులను త్రొక్కించడం వచ్చినది, కుండలతో అన్నం తినడం వచ్చినది. అన్నతో మాట్లాడే ఘట్టంలో ఆగిపోయినాడు. తాళం నడుస్తూనే ఉన్నది. రెండు ఆవృత్తాలయినవి. "ఈడ తాత ఏందో అంటాడు సామీ" అన్నాడు.

అప్పుడు లోపలనుండి, వంటింటి చీకటిలోనుండి, పళ్ళు లేని గొంతు ఒకటి ఆ పాదం అందుకొన్నది. నేను వాకిట కూర్చుని ఉన్నాను. ధ్వనిగ్రాహకం మనుమని ముందు ఉన్నది. మేళాలలో ఆడవారి పాత్రలకు ఆడవారే పాడుతారని నేనే ఎన్నోమార్లు కార్యక్రమాలలో చెప్పినాను. ఆ ఇంటి ముసలమ్మ నలభై ఏళ్ళు తెర వెనుక భర్త ప్రక్కనే కూర్చుని ఉండవచ్చునన్న ఆలోచన 2012లో నాకు రాలేదు. ఆమె బయటికి రాలేదు. పాదం పూర్తి చేసింది, దాని తరువాతిది అందుకొన్నది, దాని తరువాతిది కూడా. మనుమడు తాళం వేస్తూ తల వంచుకొన్నాడు.

ధ్వనిగ్రాహకం తీగ వంటిల్లు చేరలేదు. ఆ మొదటి భాగంలో ఆమె గొంతు దూరంగా, పొయ్యి చిటపటల మధ్య వినబడుతుంది. అట్లాగే ఉంచినాను. ఆమెకు ఎనభై దాటినవి. పొడవైన తీగ తీసుకొని మరునాడే మళ్ళీ వెళ్ళినాను.